వెనక రెండు టైర్లు

టైర్ల కొట్టుకు వచ్చేవాళ్ళు ముందు ధర అడుగుతారు, తర్వాత కంపెనీ పేరు అడుగుతారు. కొందరైతే టైరును బూటుకాలితో ఒక్క తన్ను తన్ని, పెద్ద తెలిసినవాళ్ళలా తల పంకిస్తారు. అదేం పరీక్షో ఇరవై ఆరేళ్ళుగా నాకు అర్థం కాలేదు. టైరు ఎప్పుడు తయారైందని మాత్రం ఒక్కడూ అడగడు. అందుకే నేనే చెబుతాను. వినకపోతే కసురుతాను. "ఇదిగో, టైరు పక్కన నాలుగంకెలున్నాయి చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పాల ప్యాకెట్టు మీద తేదీ చూసుకుంటారే, మీ ప్రాణాలు మోసేదాని మీద చూసుకోవద్దూ?" అంటాను. నాకు ముక్కుమీద కోపం. వీధిలో నా కొట్టును మిరపకాయ కొట్టు అంటారని నాకు తెలుసు. అయినా వస్తారు. పాత సరుకు అంటగట్టడని పేరుంది మరి.

అంత పేరున్న నేనే నా సొంత తమ్ముడి కారుకు తొమ్మిదేళ్ళనాటి టైర్లు వేశాను.

ఇందులో దాచేదేమీ లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఎవరో పెద్దమనిషి నాలుగు టైర్లు తెప్పించమని చెప్పి, మళ్ళీ మొహం చూపించలేదు. ఆ సైజు ఇంకెవరికీ కుదరక, కొట్టు వెనక రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. ఒక్క కిలోమీటరు తిరగలేదు, గ్రిప్పు చెక్కుచెదరలేదు. తమ్ముడు కారు అద్దెకు తిప్పేవాడు. వాడి టైర్లు అరిగి గుండులా అయ్యాయి, చేతిలో డబ్బు ఆడటం లేదు. చూస్తే అదే సైజు. బయటివాళ్ళకైతే అమ్మను గానీ, ఇంటివాడే కదా, కొంతకాలం నడుస్తాయిలే అనుకున్నాను. డబ్బు తీసుకోకుండా నాలుగూ వేసి పంపించాను.

వేసిన ఏడు నెలలకు బండి ముందువైపు ఎడమ టైరు పేలింది. కారు రోడ్డు మధ్య గోడకు కొట్టుకుంది. వాడి ప్రాణం ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు.

వేగంగా తోలి ఉంటాడన్నారు అందరూ. పోలీసులూ అదే రాసుకున్నారు. నేను మెకానిక్ షెడ్డుకు వెళ్ళి ఆ టైరు చూశాను. చూస్తే నాకు తెలియదా? ఎండిన రబ్బరు ఎలా చీలుతుందో అలాగే చీలింది. దాన్ని అక్కడి నుంచి తెచ్చి పాత రబ్బరు కొనేవాడికి ఇచ్చేశాను. పదకొండు నెలలు నోరు మెదపలేదు. ఆ పదకొండు నెలలూ నా తమ్ముణ్ణి దూకుడు మనిషి అని నలుగురూ అంటుంటే, ఆ నలుగురి మధ్యా తలొంచుకుని కూర్చున్నాను.

పదకొండు నెలలయ్యాక ఒక రోజు పొద్దున పదిన్నరకు మరదలు, తమ్ముడి భార్య, వచ్చింది. ఆ కారులోనే, తనే తోలుకుంటూ వచ్చింది. కొట్టు ముందున్న చిన్న ఎత్తు ఎక్కలేక బండి రెండుసార్లు ఆగిపోయింది. ఇంజను మీది మూత కొత్తది, ఎడమ తలుపు కొత్తది, వాటి రంగు మిగతా బండితో కలవలేదు.

"బావగారూ, పనిలో ఉన్నారా?" అంది దిగుతూ.

"ఆ, ఊపిరాడని పని. పొద్దుటి నుంచి ఈగలు తోలుతున్నాను. రా అమ్మా, కూర్చో."

కొద్దిగా నవ్వింది. పని దొరికిందని చెప్పింది. ఇళ్ళకు వెళ్ళి రక్తపరీక్షకు నమూనాలు తీసుకురావాలట, సొంత బండి ఉంటేనే ఇస్తామన్నారట. సోమవారం నుంచి మొదలు. పాపను బడిలో దింపి అటునుంచి అటే వెళ్ళిపోవాలి.

"రోజుకి ఎంత తిరుగుతావు?"

"యాభై దాకా ఉంటుందన్నారు. రెండు టైర్లకే డబ్బు తెచ్చాను బావగారూ. ముందు రెండూ మార్చాలన్నాడు మెకానిక్. ఎడమ పక్క స్టెప్నీ వేసి ఉంది, అది బోడిది. కుడి పక్కది ఉబ్బింది. వెనక రెండూ మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయట. మీరు వేసినవేగా."

వెనక చక్రాల వైపు చూడకుండా లేచాను.

మాట మార్చడానికి టైర్లు దించాను. మూడు రకాలు ఆమె ముందు నిలబెట్టాను. ఒకటి ఖరీదైనది, అరవై వేల కిలోమీటర్లు ఢోకా లేదు. ఒకటి చవకది, పిండిమరలా రొద పెడుతుంది, పైగా తడి రోడ్డు మీద ఆగడానికి బద్ధకిస్తుంది. మధ్యది మధ్యరకం. ఆమె మూడింటినీ చేత్తో తడిమి చూసింది. తన్నలేదు.

"వానలో గట్టిగా బ్రేకు వేస్తే వీటిలో ఏది ఆగుతుంది?" అని అడిగింది.

ఇరవై ఆరేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. "ఖరీదైనది ముందు ఆగుతుంది. మధ్యరకం దాని తర్వాత. చవకది వద్దు," అన్నాను. "నా మాట విని మధ్యరకం నాలుగు వేయించుకో."

"నాలుగెందుకు? వెనకవి బాగున్నాయి కదా."

"కొత్తవి రెండు, పాతవి రెండు అయితే బండికి పట్టు కుదరదు."

"గ్రిప్పు ఉంటే ఏం కాదన్నాడే మెకానిక్?"

"వాడికేం తెలుసు? వాణ్ణి ఇంజను చూసుకోమను. టైర్ల సంగతి నాకు చెప్పొచ్చాడు," అని అరిచాను.

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. నన్ను నేనే తిట్టుకుని గొంతు తగ్గించాను. "పోనీ, మిగతా రెండింటికీ డబ్బు వద్దులే. నేనే వేస్తాను."

"వద్దు బావగారూ. ఒకసారి ఊరికే వేశారు, ఆ మేలే మాకు చాలు."

ఎత్తిపొడుపు కాదు, మనస్ఫూర్తిగానే అంది.

ఆమె ఖరీదైన రకమే రెండు తీసుకుంటానంది. డబ్బు సరిగ్గా సరిపోతుందని, పాప కూర్చునే బండి కాబట్టి అందులో పీనాసితనం వద్దనుకున్నానని చెప్పింది. ఆ ఖరీదైన టైర్లు ముందు వేసుకుని, వెనక ఆ రెండింటినీ ఈడ్చుకుంటూ పిల్లను బడికి తీసుకెళ్తుంది. సోమవారం నుంచి, రోజూ.

ఒక్క అబద్ధం చాలు. వెనక చక్రాలు విప్పి, లోపల తెగిందమ్మా, మార్చక తప్పదు అంటే ఎవరైనా నమ్ముతారు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"పాప ఎలా ఉంది?" అన్నాను, దాన్ని మింగి.

"బాగానే ఉంది. కారెక్కితే మాత్రం నా చెయ్యి పట్టుకుంటుంది. మెల్లగా పోనీ అమ్మా, నాన్నలా తోలకు అంటుంది." కొత్త టైరు వైపు చూస్తూ అంది. "నేను పక్కన కూర్చున్న ఇన్నేళ్ళలో ఆయన ఏనాడూ వేగంగా తోలలేదు బావగారూ. పక్కనుంచి స్కూటర్లు దాటిపోయేవి. ఆ రోజే ఏం పుట్టిందో తెలీదు. ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది, నేను లేనప్పుడు అలా తోలేవాడేమోనని."

ఇక అబద్ధం నా నోట రాలేదు. అది చెబితే టైర్లు మారతాయి గానీ, తమ్ముడి నెత్తిన పడ్డ నింద మారదు. చచ్చినవాడు వచ్చి చెప్పుకోలేడు. కూతురు కూడా నమ్మేసింది.

"ఇలా రా అమ్మా. ఇక్కడ చదువు," అన్నాను.

కొత్త టైరు పక్కన గొంతుక్కూర్చుని నాలుగంకెలూ చదివింది. వారమేదో, సంవత్సరమేదో చెప్పాను. "అంటే మూడు నెలల కిందటిది," అంది వెంటనే. చురుకైన మనిషి. "ఇకమీద నేనే చూసుకోవాలిగా, మంచిపని చేశారు."

"ఇప్పుడు వెనక వాటి మీద చదువు."

ఆమె వెనక చక్రం దగ్గర కూర్చుంది. బురద చేతిరుమాలుతో తుడిచింది. చదివింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. లేచి అవతలి పక్కకు వెళ్ళి అక్కడా తుడిచి చదివింది.

"నేను తప్పు చదివానా?"

"సరిగ్గానే చదివావు."

"పదేళ్ళు దాటింది బావగారూ."

"దాటింది. వేసేటప్పటికే తొమ్మిదేళ్ళు. తిరగకపోయినా రబ్బరు ఊరికే ఉండదమ్మా, ఎండిపోతుంది. వేడికి లోపల బీటలు పడుతుంది. పైకి కొత్తదానిలా కనిపిస్తుంది, అంతే. వాడు వేగంగా తోలలేదు. టైరు పేలింది. నేను వేసిన టైరు. నాకు ఆ రోజే తెలుసు. ఆ టైరు నేనే మాయం చేశాను."

చెప్పేశాను. చెప్పేశాక బరువు దిగుతుందంటారు, నాకేమీ దిగలేదు. ఆమె పక్కనున్న టైర్ల దొంతర మీద కూర్చుండిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. రోడ్డు మీద బళ్ళు పోతున్నాయి. ఎవరో గాలి కొట్టించుకోవడానికి వచ్చి, మా మొహాలు చూసి వెళ్ళిపోయారు.

"ఆయనకు తెలుసా?" అంది చివరికి.

తెలియదనవచ్చు. అన్న మీద నమ్మకంతోనే పోయాడని ఆమె అనుకునేది. కానీ సగం చెప్పి సగం దాచేంత ఓపిక నాలో మిగల్లేదు. "వేసిన రెండు నెలలకు వచ్చాడు. అన్నయ్యా, పక్కన సన్నగా బీటలు కనిపిస్తున్నాయి, ఒకసారి చూస్తావా అన్నాడు. బేరం మీద ఉన్నాను. ఊరికే వేస్తే వంకలు కూడానా, టైర్ల గురించి నాకు నేర్పుతావా అని నలుగురిలో కసిరాను. వాడు నవ్వేసి, సరేలే అన్నయ్యా అని వెళ్ళిపోయాడు. మళ్ళీ అడగలేదు."

"అడగడానికి బయల్దేరాడు," అంది.

నేను తలెత్తి చూశాను.

"ఒక ఆదివారం. చెప్పులు కూడా వేసుకున్నాడు. ఇంకోసారి అన్నయ్యను అడిగి వస్తా, నాకెందుకో మనసొప్పడం లేదన్నాడు. నేనే ఆపాను. ఊరికే ఇచ్చినవాటికి పేర్లు పెడితే ఏం బాగుంటుంది, మీ అన్నయ్య మళ్ళీ ఇంతెత్తున లేస్తారు, ఊరుకో అన్నాను. చెప్పులు విప్పేశాడు." ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది. "నేను ఆపకపోతే వచ్చేవాడు బావగారూ."

"నువ్వు ఆపలేదమ్మా. నా నోటికి జడిసి ఆగిపోయారు మీరిద్దరూ," అన్నాను. అది నిజమే గానీ, ఆమెకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఏడవడం మొదలుపెట్టింది. పదకొండు నెలల కిందట అందరి ముందూ ఏడ్చిన ఏడుపు కాదు ఇది. ఓదార్చే హక్కు నాకు లేదు కాబట్టి దూరంగా నిలబడ్డాను.

చాలాసేపటికి మొహం తుడుచుకుని లేచింది. "మధ్యరకం నాలుగు వేయండి. తెచ్చిన డబ్బుకు పైన అయ్యేది నెలనెలా ఇస్తాను. కాదనకండి."

కాదనలేదు. జాకీ వేసి పాతవి విప్పాను. ఒక్కో కొత్త టైరు రిమ్ముకు ఎక్కించే ముందు ఆమె వచ్చి అంకెలు చదివి, ఊ అనేది. అప్పుడే ఎక్కించాను. నా పని మీద ఇలా నిఘా పెట్టినవాళ్ళను మళ్ళీ నా గుమ్మం తొక్కనివ్వను. ఆ రోజు నట్లు కూడా ఆమె కళ్ళముందే పానాతో రెండోసారి బిగించాను.

బండి ఎక్కాక కిటికీ అద్దం దించింది. "పాపకు మీరే చెప్పండి. నాన్న వేగంగా తోలలేదని, ఎందుకు పేలిందని, అన్నీ మీ నోటితోనే చెప్పండి. నేను చెబితే నాన్న కోసం కల్పించాననుకుంటుంది. నాలుగింటికి బడి వదులుతారు. నేను కొంచెం ఆలస్యంగా వస్తాను."

మూడున్నరకే కొట్టు మూసి బడి గేటు దగ్గర నిలబడ్డాను. పాపకు ఎనిమిదేళ్ళు. నేనంటే హడల్, నన్ను చూస్తే వాళ్ళమ్మ వెనక్కి పోతుంది. ఆ రోజు వెనక్కి పోవడానికి అమ్మ లేదు. సంచీ రెండు చేతులతో పట్టుకుని నా ముందుకొచ్చి ఆగింది.

"పెదనాన్నా, కోపం వచ్చిందా మీకు?" అంది నా మొహం చూసి.

"లేదు తల్లీ. నీతో ఒక మాట చెప్పాలని వచ్చాను. మీ నాన్న మెల్లగానే తోలాడు. ఆ రోజు కూడా మెల్లగానే తోలాడు."

పాప నన్ను ఎగాదిగా చూసింది. "మరి?" అంది.

గేటు పక్కన మెట్టు మీద కూర్చున్నాను. కాస్త ఎడంగా తనూ కూర్చుంది. ఆ 'మరి?'కి జవాబు చెప్పడం మొదలుపెట్టాను.