మహాసారథి బలహీనత

ఆదివారం మధ్యాహ్నం మరదలి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పాచికలు, పెన్సిళ్లు, బిస్కెట్ల డబ్బా సిద్ధంగా ఉన్నాయి. బావగారు భార్యతో వచ్చీ రాగానే వాటన్నిటినీ పక్కకి నెట్టి, కారు తాళం టక్కున పెట్టి, తన కాగితాలు పరిచారు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పే మనిషి ఆయన. పొద్దస్తమానం పక్క సీట్లో కూర్చుని, కాళ్ల దగ్గర తనకంటూ ఇంకో బ్రేకు పెట్టుకుని, లోకమంతా తప్పుగా నడుపుతోందని రుజువు చేస్తుంటారు. ఆదివారమైనా ఊరుకుంటారా అంటే, అబ్బే.

ఆ తాళం ఆయన చెయ్యి దాటదు. కారు తలుపుకి పొడుగాటి గీత పడినప్పటి నుంచి భార్య ఆఫీసుకి బస్సులో వేలాడుతూ వెళుతోంది. గీత పెట్టింది ఆవిడేనని ఆయన తేల్చేశారు. ఆ వారమంతా ఆవిడ జ్వరంతో మంచం దిగలేదు. అయినా తేల్చేశారు.

ఇక ఆట సంగతి. మరదలు కథ నడుపుతుంది, మిగతావాళ్లు అందులో పాత్రలవుతారు. ఏం చేస్తున్నారో నోటితో చెప్పాలి, కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది. ప్రతి పాత్రకీ ఒక క్లాసు, అంటే దాని వృత్తి, ఉంటుంది. పై వాటాలో ఉండే కరెంటాయన యోధుడు. బావగారి భార్య దొంగ. బావగారు ఇన్నాళ్లూ మంత్రగాడు. కానీ ఆటపుస్తకంలో ఉన్న క్లాసులేవీ ఆయన కంటికి ఆనలేదు. తిండీ నిద్రా మానుకుని సొంతంగా ఒకటి తయారుచేశారు. పేరు మహాసారథి.

మహాసారథి గుర్రం ఎక్కితే కత్తి తగలదు. దిగితే మంత్రం తగలదు. చీకట్లో చూస్తాడు, నిద్రలో వింటాడు, పడిపోయేవాళ్లను ఎంత దూరం నుంచైనా చేయి చాపి నిలబెడతాడు.

"అన్నీ ఈయనే చేస్తే ఇక మేమెందుకండీ, బిస్కెట్లు తినడానికా?" అన్నాడు కరెంటాయన.

మరదలు కాగితాలు తిరగేసింది. "బావగారూ, దీన్ని ఇలాగే రానిస్తే ఆట చచ్చిపోతుంది. ఒక గట్టి బలహీనత పెట్టండి, ఒప్పుకుంటా. లేదంటే పాత మంత్రగాడితోనే సరిపెట్టుకోండి."

బావగారు కాగితాల మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. స్కూల్లో ఆయన మాట వినేవాళ్లే తక్కువ. ఆ విన్నవాళ్లూ లైసెన్సు రాగానే మొహం చాటేస్తారు. ఎవరికీ జంకని, ఎవరూ ఎదురు చెప్పని మహాసారథి మీద ఆయన ప్రాణాలన్నీ పెట్టుకున్నారు. వాణ్ణి ఎలాగైనా బతికించుకోవాలి.

"పెట్టాను కదమ్మా. సముద్రంలో ఈదలేడు."

"మనం ఎడారిలో ఉన్నాం బావగారూ."

"మహా అందగాడు. శత్రువులు కుళ్లుకుంటారు."

కరెంటాయనకి బిస్కెట్ పొలమారింది.

అప్పటిదాకా పాచిక దొర్లిస్తూ కూర్చున్న భార్య తలెత్తింది. "నేనొకటి చెప్పనా? తప్పు చేస్తే, 'తప్పు నాదే' అని పైకి అనేదాకా వాడి శక్తులు పనిచేయవు. అంతే. మిగతావన్నీ అలాగే ఉంచేయవే."

బావగారు లోలోపల ఎగిరి గంతేశారు. తప్పు చేస్తేనే కదా! జన్మలో చేయని పనికి శిక్ష ఎంతుంటే మాత్రం ఏం? ఇంత చవగ్గా వదిలేసిన భార్య అమాయకత్వానికి కాస్త జాలి కూడా పడ్డారు. "రాసుకో, రాసుకో" అని మరదల్ని తొందరపెట్టారు.

ఆట మొదలైంది. పాడుబడ్డ కోట. ఎదురుగా ఇనప తలుపు.

"ఆగండి, ముందు నేను తడిమి చూస్తా" అంది దొంగ.

"అక్కర్లేదు, నాకు తెలుసు. తీసేశాను" అన్నాడు మహాసారథి.

కాళ్ల కింద నేల కూలింది. దొంగ అగాధం అంచు పట్టుకుని వేలాడుతోంది. భార్య పెన్సిల్ పక్కన పెట్టి ముందుకి వంగింది. ఈ ఆటలో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆ దొంగ ఆవిడే.

"చేయి చాపాను. నిలబెట్టాను" అన్నారు బావగారు ఠీవిగా.

"ఊహూ. తలుపు తీసింది మీరు. ముందు ఆ మాట అనండి" అంది మరదలు.

"తలుపు అలా పెట్టినవాడిది కదా తప్పు?"

"జారుతోంది బావగారూ."

"తనని అంత దగ్గరగా ఎవరు నిలబడమన్నారు?"

"వేళ్ల మీద ఉంది."

"అనేయండి సార్, ఆటే కదా" అన్నాడు కరెంటాయన.

బావగారు నోరు తెరిచారు. పాపం, నిజంగానే ప్రయత్నించారు. మాట గొంతు దాకా వచ్చి అక్కడే చతికిలబడింది. "ఈ బలహీనత మరీ ఎక్కువైంది. బ్యాలెన్స్ కుదరలేదు. తగ్గించాలి" అన్నారు.

మరదలు అక్క వైపు చూసింది. "పడిపోయిందే అక్కా."

ఆవిడకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. దొంగ పాత్ర రాసుకున్న కాగితాన్ని మడిచి చెల్లెలికిచ్చి, టేబుల్ మీద తాళం తీసుకుని లేచింది. "పదండి. నేను నడుపుతా."

బావగారు ఏదో అనబోయారు. మరదలూ కరెంటాయనా ఆయన్నే చూస్తున్నారు. చెప్పులేసుకున్నారు.

దారిలో ఉండబట్టలేకపోయారు. "ఆ ఒక్క బలహీనత తీసేస్తే వాడు చాలా బాగుంటాడు."

"తీసేయకండి. వాడిలో నిజమైంది అదొక్కటే" అంది ఆవిడ.

ఇంటి గేటు వచ్చింది. స్తంభం మీద కారు రంగు ఇంకా అంటుకునే ఉంది. దాన్ని చూడగానే బావగారి కుడికాలు నేలని బలంగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. ఆవిడ స్తంభానికి జానెడు ఎడంగా కారు లోపలికి తెచ్చి ఆపి, తాళం తన సంచిలో వేసుకుంది.