మౌలాలి దిద్దుతున్నాడు

మౌలాలి కీబోర్డు మీద చెయ్యి వేశాడంటే గద్వాల కోటగోడ మీది పావురాలు లేచిపోయేవి. అంత వేగం! ఆ పొద్దున కూడా బస్టాండు పక్క నెట్‌సెంటరులో, మెడలోని ఆకుపచ్చ తువ్వాలుతో తెరల దుమ్ము తుడిచి, ఎవరిదో పింఛను అర్జీ కొడుతున్నాడు.

వేగం సంగతికేం గాని, కొట్టేది రెండు వేళ్ళతోనే.

టైపుమిషను కాలం నుంచీ ఊరి అర్జీలన్నీ ఆయనే కొట్టాడు. కింద సంతకం ఎప్పుడూ వేరొకరిదే. తన పేరున ఒక్క ముక్కయినా ఉండాలన్న కోరిక ఈ వయసులో పుట్టింది. నలుగురూ ఉచితంగా పంచుకునే సాఫ్ట్‌వేరులో తెలుగు ఎలా కొట్టాలో చెప్పే పేజీ మొదలుపెట్టాడు. కాని ఆ పేజీ ఉన్న పాత వికీలో, అంటే ఎవరైనా రాసి దిద్దగల ఆ సైటులో, ఆయన ఒక వాక్యం ముగించేలోపు పట్నం పిల్లలు పేజీ మార్చేసేవారు. ఆయన రాసింది చెల్లక వెనక్కి వచ్చేది. మళ్ళీ మొదటి నుంచి.

దాని బదులు చూసిన రెండు కొత్త వికీల్లో ఏది పెట్టాలో ఆ రోజే తేలాలి. ఆ పనికి పెద్ద అయిన శిల్ప వనపర్తి నుంచి ఫోను చేసింది.

"అన్నా, రెండోదాంట్ల సోకులేం లేవు. ఒకలు రాస్తుంటె ఇంకొకలకు తాళం పడ్తది, గంతే."

"గదే పెట్టు చెల్లె. సోకులు నాకెందుకు, నేనేమన్న పెండ్లికొడుకునా?"

"నీ చేతికిస్తె ఆ తాళం పీర్ల పండుగ దాకా ఊడదు!"

"ఊడకుంటేంది? తాళమున్నదంటె నేనున్ననని తెలుస్తది."

శిల్ప నవ్వి, మధ్యాహ్నానికల్లా అదే పెట్టింది.

సందెవేళ గిరాకీ తగ్గాక మౌలాలి పేజీ తెరిచాడు. పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగుతూనే ఉంది. తువ్వాలు తీసి రుద్దుకున్నాడు. ఒత్తులు, గుణింతాలు, ఒక్కొక్క మీట. ఎవరూ చెరపలేదు. రాసిందంతా భద్రం చేసి మళ్ళీ తెరిచాడు. చివరి వాక్యం ఒక్కటే మిగిలింది. దాన్ని మనసులో కూర్చుకుంటూ, కళ్ళు మూసుకుని బల్ల మీద తల వాల్చాడు.

దవాఖానకు తీసుకుపోయారు గాని, అప్పటికే ఒళ్ళు చల్లబడింది.

ఆ రాత్రి వనపర్తిలో, ఏమీ తెలియని శిల్పకు పేజీ మీద తాళం కనిపించింది: 'మౌలాలి దిద్దుతున్నాడు'.

"ఇంకా కొడ్తనే ఉన్నడు మా అన్న," అనుకుని, నవ్వి, ఊరుకుంది. తెల్లారి చూసినా తాళం అలాగే ఉంది.

పావురాలను మీరు ఎలాగూ నమ్మి ఉండరు. ఈ తాళం కూడా నా కల్పనే. వేళ్ళు ఆగిన కాసేపటికి అది దానంతటదే ఊడిపోతుందట, రాత్రంతా ఉండదు. ఉంటే బాగుండుననిపించి ఉంచాను. దుమ్ము పడకుండా ఎవరో ఆ కీబోర్డు మీద కప్పిన ఆకుపచ్చ తువ్వాలు మాత్రం నిజం.