అయిదు గ్యాలన్ల చేదు

థర్మామీటర్ ముల్లు నూట యాభై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆగగానే ఒర్రిన్ మంట తగ్గించి, నలగ్గొట్టిన బార్లీ గింజల మూటను కుండలోకి దించాడు. పలచటి నూలు సంచీ. టీ పొట్లంలాగే పనిచేస్తుంది, కాకపోతే రెండు పిడికిళ్లంత ఉంటుంది. మూట మునిగిన చోట నీళ్లు ముందు గడ్డి రంగుకు, తర్వాత తేనె రంగుకు తిరిగాయి. గోడ గడియారం వంక చూశాడు. ఇరవై నిమిషాలు నానాలి. ఈ ఇరవై నిమిషాల్లో చెప్పేయొచ్చు అనుకున్నాడు.

ఆరేళ్లుగా అతను ఇంట్లో బీరు కాస్తున్నాడు. ప్రతిసారీ ఒకటే రకం, హాప్ అనే చేదు పువ్వు దండిగా పడి ఆ చేదు నాలుక మీద నిలిచిపోయే ఐపీఏ. సరుకంతా కిట్టు పేరుతో ఒక అట్టపెట్టెలో వస్తుంది. మాల్ట్ పాకం డబ్బాలు, గింజలు, హాప్ గుళికల పొట్లాలు, పులియబెట్టే ఈస్ట్, ఎలా కాయాలో రాసిన కాగితం. బార్లీలోంచి తీపి దింపే పెద్ద పని ఎవరో ముందే చేసి డబ్బాల్లో పోసి ఇస్తారు. అందుకే అచ్చంగా గింజల నుంచి కాచేవాళ్లకు కిట్టు బీరంటే చిన్నచూపు. రోడ్ల శాఖలో తనతో పనిచేసే డెల్మర్ దాన్ని వంట అనడానికి ఒప్పుకోడు, వేడి చేయడం అంటాడు. అంటూనే ఆరు సీసాలు చంకన పెట్టుకుపోతాడు.

ఒర్రిన్‌కు యాభై ఏడేళ్లు. ఇరవై తొమ్మిది చలికాలాలుగా కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతున్నాడు. లీవర్లు లాగి లాగి కుడి మణికట్టు ఎడమదాని కంటే లావెక్కింది. వేసవిలో గుంటలు పూడ్చే తారు గోళ్ల అంచుల్లో మార్చి దాకా పోదు. రోజంతా లారీలో ఒంటరిగా ఉండే మనిషి కనుక మాట తక్కువ. అలాంటివాడికి ఇవాళ చెప్పాల్సిన మాట ఒకటి వచ్చి పడింది.

పొద్దున తొమ్మిదింటికి ఫోన్ మోగింది. లూథరన్ చర్చి వాళ్లు నడిపే వృద్ధుల హోమ్ నుంచి ఒకావిడ. గురువారం నుంచి ఒక గది ఖాళీ, జాబితాలో తర్వాతి పేరు టిల్డాది, సాయంత్రం నాలుగింటిలోపు ఏ సంగతో చెప్పాలి అంది. అతను వెంటనే భార్య మారిట్‌కు, ఆమె పనిచేసే స్కూలు ఆఫీసుకు ఫోన్ చేశాడు. అమ్మకు నువ్వే చెప్పు, నేను చెప్తే ఏడుస్తాను, నేను ఏడిస్తే అమ్మ లేచిపోయి గిన్నెలు కడగడం మొదలుపెడుతుంది, నీ మాటైతే వింటుంది అంది. ఒర్రిన్‌కు తెలిసి టిల్డా ఎవరి మాటా విన్నది లేదు.

టిల్డా మారిట్ తల్లి. ఎనభై ఆరేళ్లు. పదకొండేళ్లుగా వాళ్ల వెనకగదిలో ఉంటోంది. ఈ చలికాలంలో రెండుసార్లు పడింది. రెండోసారి జనవరి తుఫానులో. ఉదయం ఏడింటికి, మారిట్ అప్పటికే పనికి వెళ్లాక, స్నానాలగదిలో కాలు జారి పడి, ఒర్రిన్ డ్యూటీ దిగి వచ్చిన పదకొండున్నర దాకా ఆ చల్లటి గచ్చు మీదే ఉండిపోయింది. ఒక తువ్వాలు లాక్కుని మీద కప్పుకుంది. అతను తలుపు తీయగానే ఆమె అన్న మొదటి మాట, బూట్లకున్న మంచు తుడుచుకుని లోపలికి రమ్మని. ఎముకలు విరగలేదు. కానీ ఆనాటి నుంచి మారిట్‌కు నిద్ర లేదు, గంటకోసారి లేచి వెనకగది తలుపుకు చెవి ఆనిస్తుంది. ఒర్రిన్ లారీ నడుపుతూనే పూటకు మూడుసార్లు ఇంటికి ఫోన్ చేస్తాడు. టిల్డా ఎత్తేదాకా పెట్టేయడు.

వాకర్ చప్పుడు వినిపించింది. టిల్డా వంటింట్లోకి వచ్చి, పొయ్యికి రెండడుగుల దూరంలో కుర్చీ లాక్కుని కూర్చుంది. సన్నటి మనిషి. తెల్లజుట్టు వెనక్కి దువ్వి బిగించి పిన్నులు పెట్టుకుంటుంది. మోచేతుల కింద మాత్రం ఇప్పటికీ బలమైన నరాలు.

"మళ్లీ గడ్డి ఉడకేస్తున్నావా?"

"బార్లీ అమ్మా."

"ఆవులూ అదే తింటాయి. వాటికి ఇంత తతంగం లేదు."

అతను మూట పైకెత్తి, నీళ్లు కారిపోనిచ్చి పక్కన పెట్టాడు. పొద్దున ఫోన్ ఎవరిదని ఆమె అడిగింది. ఆఫీసుదన్నాడు. సెలవు రోజు కూడానా అంది. ఉప్పు లారీ గురించి అన్నాడు. అబద్ధం ఆడిన నోటితో ఇంకేం మాట్లాడాలో తెలియక డబ్బాల మూతలు తీశాడు. మాల్ట్ పాకం ముదురు బెల్లప్పాకంలా, తొందర లేకుండా, తాడులా దిగింది. మంట ఆపి, అడుగంటకుండా కలియబెట్టాడు. ఆమె చెయ్యి చాపితే గరిటె చివర కాస్త ఇచ్చాడు. ఆరేళ్లలో ఆమె ఈ కుండలోది నోట పెట్టుకోవడం ఇదే మొదలు.

"ఇంత తియ్యగా ఉందే. దీన్ని తీసుకుపోయి చేదు చేస్తావు."

"అదేగా బీరంటే."

బీరంటే ఏమిటో ఆమెకు అతని కంటే బాగా తెలుసు. భర్త ఎమిల్ ఓడరేవులో ఇనుప ఖనిజం ఎత్తేవాడు, జీతం రోజున ఇంటికి దారి మరిచిపోయేవాడు. దాచిన సీసాలు వెతికి తొట్లో పారబోయడం ఆమెకు చాలా ఏళ్లు ఒక ఇంటిపని. ఒర్రిన్ మొదటి కిట్టు తెచ్చిన రోజున, సీసా తన గది గడప దాటకూడదని మాత్రం చెప్పింది. దాటలేదు.

కుండ మళ్లీ పొయ్యి మీదికెక్కింది. మరిగేదాకా దగ్గరే ఉండమని కాగితంలో లావు అక్షరాల్లో ఉంటుంది. ఒర్రిన్ కిటికీలోంచి పెరట్లో మంచుదిబ్బను చూస్తూ, ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాడు. అమ్మా, మీకొక సంగతి. కాదు. అమ్మా, డాక్టరు ఏమన్నాడంటే. అదీ కాదు.

"కుండ చూడు," అంది టిల్డా.

అతను తిరిగేసరికే నురగ అంచు దాకా వచ్చేసింది. టిల్డా అప్పటికే లేచి నిలబడి ఉంది. ఒక చేత్తో మంట ఆపింది, రెండో చెయ్యి పక్కనున్న గిన్నెలో ముంచి చన్నీళ్లు నురగ మీద చిలకరించింది. నురగ నిట్టూర్చి కిందికి దిగిపోయింది. ముప్పై నాలుగేళ్లు స్కూలు వంటశాలలో చేసిన చేతులవి. నాలుగు వందలమంది పిల్లలకు గంజీ, పులుసూ కాచిన మనిషి. పొద్దున అయిదింటికి వెళ్లి పొయ్యి వెలిగించేది. ఆ ఊళ్లో నలభై దాటిన ప్రతివాడూ ఆమె వడ్డించిన తిండి తిన్నవాడే. పేరు గుర్తున్నవాళ్లు తక్కువ.

"పాలు, గంజి, హెడ్‌మాస్టరు. మూడూ ఒకటే," అంది కూర్చుంటూ. "తల తిప్పగానే పొంగుతాయి."

ఒర్రిన్ నవ్వాడు. మంట సన్నగా వెలిగించి, మరుగు పట్టాక మొదటి పొట్లం కత్తిరించాడు. పచ్చటి గుళికలు, కుందేలు మేతలా ఉంటాయి. వాసన మాత్రం వంటిల్లంతా పట్టేసింది. నారింజ తొక్క, విరిగిన దేవదారు కొమ్మ, అప్పుడే కోసిన పచ్చిక. టిల్డా ఒక గుళిక అడిగి తీసుకుని కొరికింది. ముఖం ముడుచుకుపోయింది, అయినా ఉమ్మలేదు. చిన్నప్పుడు తమ ఇంటి వెనక దేవదారు చెట్లుండేవని, జిగురు తీసి నమిలేవాళ్లమని చెప్పింది. ఆ ఇంటి సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తదు. ఒర్రిన్ గడియారం చూసుకుంటూ వింటూ ఉన్నాడు. చివరి పదిహేను నిమిషాలున్నాయనగా రెండో పొట్లం, మంట ఆపేముందు మూడోది వేశాడు. గడియారం రెండు దాటింది. అతను ఇంకా చెప్పలేదు.

ఇక కాచినదాన్ని త్వరగా చల్లార్చాలి. ఊళ్లో అందరిలా అతనూ మంచునే వాడుకుంటాడు. మూత పెట్టి, గుడ్డలతో చెవులు పట్టుకుని కుండ ఎత్తాడు. టిల్డా మారిట్ కోటు భుజాన వేసుకుని, వాకర్‌తో ముందు నడిచి పెరటి తలుపు తీసి పట్టుకుంది. కుండ దిబ్బలో కూరుకుపోతూ బుస్సుమంది. ఆవిరి లేచింది. అతను పార తీసుకుని చుట్టూ మంచు ఎగదోస్తూ ఉన్నాడు. కరిగిన మేరకు మళ్లీ తోయాలి. అది అతనికి చేతనైన పని.

"నాలుగింటిలోపు చెప్పాలి కదా వాళ్లకి," అంది టిల్డా గడపలోంచి.

పార ఆగింది.

"విన్నారా?"

"పోయినవి కాళ్లు, చెవులు కాదు. ఆకులు రాలే రోజుల్లోనే చూశాను మారిట్ నింపిన కాగితం. రొట్టెల డబ్బా కింద దాచింది. వంటమనిషి దగ్గర వంటింట్లో దాచడం! తెలివి వాళ్ల నాన్నది."

"మరి ఒక్క మాటైనా అనలేదే మీరు."

"ఏమనను? నేనే పోతానంటే, నన్ను సరిగ్గా చూడలేదేమోనని అది కుళ్లికుళ్లి చస్తుంది. మీరు పొమ్మనేదాకా ఆగుదామని కూర్చున్నా. మీరేమో ఆరు నెల్లయినా నోరు విప్పరు." ఆమె కోటు దగ్గరికి లాక్కుంది. "ఆ స్నానాలగది కప్పుకి నలభై రెండు పలకలున్నాయి, ఒర్రిన్. నాలుగున్నర గంటలు లెక్కపెట్టాను. అక్కడ పక్కగదిలో పిలిస్తే పలికే మనిషుంటుంది. పగలు పేకాడతారట. నాకు వెళ్లాలనే ఉంది. ఫోన్ చెయ్యి, ఆ గది ఇంకెవరికో పోకముందే."

ఒర్రిన్ పారను మంచులో గుచ్చి, మెట్టు మీద కూలబడ్డాడు. లారీలోంచి ఇక ఇంటికి ఫోన్ చేయనక్కర్లేదని మొదట తోచింది.

"సరే అమ్మా," అన్నాడు.

"ఏమిటి సరే? కుండ కలుపు."

రెండు నలభైకి హోమ్‌కు, ఆ వెంటనే మారిట్‌కు ఫోన్ చేశాడు. వెళ్లాలని ఉందనే అందా, వెళ్తానందా, సరిగ్గా ఏమందో చెప్పమని మారిట్ రెండుసార్లు అడిగింది. ఉందనే అందన్నాడు. అటువైపు ముక్కు చీదిన చప్పుడు. కాసేపటికి, బీరు చల్లారిందా అని అడిగింది. అతను బీరు కాస్తున్న ఆరేళ్లలో ఆమె బీరు సంగతి అడగడం అతను ఎరగడు. చల్లారిందన్నాడు.

కడిగి సిద్ధంగా ఉంచిన బకెట్లోకి కుండ వంచి, చన్నీళ్లతో అయిదు గ్యాలన్ల గీత దాకా నింపాడు. ఈస్ట్ పొట్లం టిల్డా చేతికిచ్చాడు. ఆమె చివర చింపి, వంటమీద ఉప్పు చల్లినట్టు, ఎత్తు నుంచి, సమంగా చల్లింది. అతను మూత బిగించాడు.

గురువారం మధ్యాహ్నం ఆమె వెళ్లిపోయింది. రెండు పెట్టెలు, ఒక కుర్చీ, రొట్టెలు కాల్చే రేకు ఒకటి. ముందు సీట్లో కూర్చుని దారిపొడుగునా రోడ్డు మీది గుంటలు చూపిస్తూ, ఇది మీరు పూడ్చిందేనా అని ఒర్రిన్‌ను నిలదీసింది. హోమ్ తలుపు దగ్గర మారిట్ కౌగిలించుకుంటే రెండు క్షణాలు ఊరుకుని, చాల్లే, చలి లోపలికి వస్తోంది అంది. వాకర్ తిప్పుకుని, భోజనాల గదివైపు, వాసన వస్తున్న దిక్కుకు నడిచింది.

ఆ రాత్రి మారిట్ ఒక్కసారి కూడా లేవలేదు. తెల్లారి ఏడింటిదాకా పడుకున్నానని తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. తనూ అంతేనన్నాడు ఒర్రిన్. ఇద్దరూ కాఫీ ముందు కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కొంచెం సిగ్గుపడి, తర్వాత కొంచెం నవ్వుకున్నారు.

ఆదివారం నాడు అతను వెనకగదిలో మంచానికి బిగించిన పక్క కమ్మీలు విప్పడానికి వెళ్లాడు. మరలు ఊడదీస్తుంటే పరుపుకూ గోడకూ మధ్య చిన్న ఇత్తడి గంట దొరికింది. రాత్రిళ్లు ఏ అవసరమొచ్చినా మోగించమని టిల్డాకు, మొదటిసారి పడ్డాక మారిట్ కొనిచ్చిన గంట. ఒక్కసారీ మోగింది లేదు. ఒర్రిన్ దాన్ని వెలుగులోకి తిప్పి చూశాడు. లోపల నాలుక చుట్టూ ఎర్ర ఊలు దారం వరసలు వరసలుగా చుట్టి, పొరపాటున కూడా చప్పుడై ఎవరి నిద్రా చెడకుండా, చివర చిన్న ముడి వేసి ఉంది.