కల్వర్టు మీద తిరిగిన హ్యాండిల్

రాయమల్లు రేసుబండి మీదికెళ్లి పడ్డది ధర్మపురి తొవ్వల, కల్వర్టు దాటంగనే. మెడ కింది ఎముక విరిగి కరీంనగర్ ఆస్పత్రిల పన్నడు. మద్రాసు రేసుకు నెల కూడా లేదు.

ప్రమోదినికి ఒక్కచోట కూసోబుద్ధి అయితలేదు. ఆ బండి ముందుభాగం గీసింది తనే. వరంగల్‌ల ఇంజనీరింగు చదివి వచ్చి, పంతొమ్మిది వందల ఎనభై నాలుగుల అన్న మధుసూదన్‌రావును ఒప్పించి, మూతబడ్డ రైసుమిల్లు షెడ్డుల రేసు మోటరుసైకిల్ కంపెనీ పెట్టించింది. కంపెనీ అంటే వాళ్లిద్దరు, లేత్ మిషన్ మీద కైలాసం, బండి నడపనీకి మందమర్రి నుంచి వచ్చిన రాయమల్లు. అంతే. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు వాళ్ల బండికి లేవు. వెనుక చక్రానికి ఉన్నట్టే ముందు చక్రానికీ కిందినుంచి ఒక ఇనుప చెయ్యి. ఎంత గట్టిగ బ్రేకు కొట్టినా బండి ముక్కు కిందికి దిగదు.

"వాడు బెదిరి బ్రేకు గుంజి ఉంటడు," అన్నడు మధుసూదన్‌రావు. "మామూలు ఫోర్కు బిగిద్దాం. నడిపేటోన్ని హైదరాబాద్ నుంచి పిలిపిస్త. రేసుకు వస్తున్నమని ఊరంతా చెప్పిన."

"ఫోర్కు బిగిస్తే అది అందరి బండే అన్నా. మనం పోవుడెందుకు?"



ఆమె ఆస్పత్రికి పోయింది. రాయమల్లు గోడ దిక్కు తిరిగి ఉన్నడు.

"బ్రేకు కొట్టినవా?"

"లేదక్కా. హ్యాండిల్ దానంతట అదే తిరిగింది. నేను చెప్తే ఎవరు నమ్ముతరు?"

నమ్మాల్నో వద్దో ఆమెకూ తెల్వలే. షెడ్డుకు వచ్చి బోల్టు బోల్టు విప్పి చూసింది. ఒక్కటి కూడా సడలలే. అన్నం ముంగట కూసున్నా చేతులు ఊరుకుంటలేవు, గాలిల హ్యాండిల్ తిప్పుతున్నయి. ఆఖరికి బండిని మళ్ల బిగించి, కైలాసంతోని వ్యానుల ఎక్కించి, అదే కల్వర్టు కాడికి తీసుకపోయింది. పొలాలల్ల నాట్లేసే ఆడోళ్లు నడుములు లేపి చూసిన్రు. చీర కుచ్చిళ్లు దోపుకొని తనే బండెక్కింది.

మెల్లగనే పోనిచ్చింది. కల్వర్టు ఎత్తు మీదికి చక్రం లేవంగనే హ్యాండిల్ అరచేతులల్ల చిన్నగ తిరిగింది, ఎవరో పట్టుకొని మెలిపెట్టినట్టు. మళ్లీ పోయింది. మళ్లీ తిరిగింది. మెల్లగ పోతేనే ఇట్ల ఉంటే, రాయమల్లు పోయిన వేగానికి ఎట్ల ఉండె?

అప్పుడు సమజైంది. చక్రాన్ని మోసే చెయ్యి పొడుగు, హ్యాండిల్ నుంచి చక్రానికి పోయే కడ్డీ పొట్టి. చక్రం లేచినప్పుడు రెండూ ఒక్క తీరుగ లేస్తలేవు. కడ్డీ చక్రాన్ని పక్కకు గుంజుతున్నది. సాపు నేల మీద పరీక్ష చేసినంత కాలం అది బయటపడలే. తప్పు తను గీసిన గీతల ఉన్నది, రాయమల్లు చేతులల్ల కాదు.

అన్నకు ఆ మాట చెప్పుడు కష్టమే అయ్యింది. మధుసూదన్‌రావు సిగరెట్ ఆర్పి, "రేసు పోయినట్టే కదా?" అన్నడు.

"ఈ యేడు పోయినట్టే. మళ్ల గీసి, చేసి, పరీక్ష చేసే సరికి నెల దాటుతది."

"రాయమల్లుకు నేను చెప్తా. వాన్ని అన్నది నేను."

కైలాసం కొత్త కడ్డీ చేసిండు, ఇనుప చేతి పొడుగుకు సరిసమానంగ. మద్రాసుల రేసు జరిగే నాడు అన్నాచెల్లెళ్లు కల్వర్టు కాడ ఉన్నరు. ప్రమోదిని ఈసారి గేరు మీద గేరు వేసి, ఇంజిను అరుస్తుంటె పోనిచ్చింది. చక్రం ఎగిరి దిగింది. హ్యాండిల్ నిమ్మలంగ ఉన్నది.

తిరిగొస్తే అన్న మొఖం నిండ నవ్వు. "ఇగ చాలు, దిగు."

ఆమె దిగలే. తల వంచి ఇంజిను చప్పుడు ఇంటున్నది. "పైగేరుల జర వణుకుతున్నదన్నా," అన్నది. "షెడ్డుకు పోయి విప్పాలె."