ఫోనులో అన్న ఆమెన్

మా ఇంట్లో బుధవారం ప్రార్థన అంటే నాకు ఒళ్లు మండుతుంది. మంట దేవుడి మీద కాదు, చెప్పుల మీద. ఉప్పుగూడలో మాది రెండు గదుల ఇల్లు. సంఘమంతా వచ్చి గుమ్మం ముందు చెప్పులు విడిస్తే బయటికి అడుగు పెట్టడానికి సందు ఉండదు. మా అత్తమ్మ మాణిక్యమ్మ మాత్రం ఆ చెప్పుల కుప్ప చూసి మురిసిపోతుంది.

ఆ బుధవారం నా భర్త డానియేలు టోక్యోలో ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. కంపెనీ ట్రైనింగుకు పంపింది. పోయేముందు మొయిన్ ఒక మాట అన్నాడు. మొయిన్ అతని బడి దోస్తు. పగలు శాలిబండలో గాజుల దుకాణం చూసుకుంటాడు, సాయంత్రాలు గచ్చిబౌలిలో ఒక హోటల్లో డ్రమ్స్ వాయిస్తాడు. వాళ్ల బ్యాండులో గిటారు వాయించేవాడు మానేశాడట. మంచి ఎలక్ట్రిక్ గిటారు, దాని మోత పెంచే యాంప్ ఒకటి తెచ్చుకుంటే ఆ జాగా డానియేలుదే అన్నాడు.

డానియేలు కన్నా నాకే ఆశ ఎక్కువ పుట్టింది. మా మామ చనిపోయినప్పటి నుంచి అతను చర్చిలో మామ గిటారు వాయించిన కుర్చీలోనే కూర్చుని వాయిస్తాడు. అవే పాటలు, అదే వరస. కొంచెం మార్చి వాయిస్తే పెద్దలు వెనక్కి తిరిగి చూస్తారు. ఒకసారి ఆరాధన అయ్యాక నాతో అన్నాడు, "ఆ కుర్చీల కూసుంటే మెడ మీద ఎవరో చెయ్యి ఏసి ఒత్తినట్టు అయితది రూపా." ఆ మాట నన్ను వదల్లేదు. హోటల్ సంగతి అత్తమ్మకు చెప్పలేదు. గిటారు వచ్చాక నెమ్మదిగా చెబుదాం అనుకున్నాం.

టోక్యోలో గిటార్ల దుకాణాలకే ఒక వీధి ఉందట. మన లాడ్‌బజార్‌లో గాజుల్లాగ వరసగా అవే. పని అయ్యాక రోజూ అక్కడికి పోయేవాడు. కింద కొత్తవి, మెట్లెక్కితే పాతవి. కొత్తవి మెరుస్తున్నాయి గానీ తన చేతికి పలకడం లేదన్నాడు. పాతదానికే ధర ఎక్కువని విని నేను నవ్వాను. చార్మినార్ దగ్గర ఆ మాట చెబితే తన్ని తరుముతారు. చివరికి పై అంతస్తులో ఒకటి దొరికింది. రంగు పగుళ్లిచ్చి, ఎవరి బొటనవేలో ఏళ్లతరబడి రాసి మెడ దగ్గర చెక్క తేలిన గిటారు. దాన్ని పట్టుకోగానే ఏడుపొచ్చిందని చెప్పాడు.

కొనే రోజున నాకు చూపించాలని వీడియో కాల్ చేశాడు. అక్కడ దుకాణం మూసే వేళ, ఇక్కడ ప్రార్థన వేళ. నేను వంటగదిలోకి పోయి ఎత్తేలోపే అత్తమ్మ ఫోన్ లాక్కుంది.

"చూడండి అయ్యగారూ, నా కొడుకు దేవుని పని కోసం గిటార్ కొంటుండు," అని అందరి ముందూ పెట్టింది.

ఫోన్ చేతులు మారింది. పాస్టరయ్య దాన్ని తన ముందు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఈ వాయిద్యాన్ని నీ మందిరానికి ప్రతిష్ఠిస్తున్నాం తండ్రీ, ఇది నీ స్తుతికి తప్ప దేనికీ మోగకూడదు అని గట్టిగా ప్రార్థించాడు. గదిలో అందరూ ఆమెన్ అన్నారు. ఫోనులోంచి డానియేలు కూడా అన్నాడు. కావాలని అనలేదు. పుట్టినప్పటి నుంచి ప్రార్థన అయిపోగానే నోరు దానంతటదే అంటుంది. ఖర్మకొద్దీ నేనూ అన్నాను.

మాలో ఒకసారి ఆమెన్ అంటే అన్నట్టే. దేవుడికిచ్చిన కీబోర్డును ఎవరో పెళ్లికి పట్టుకుపోతే ఎంత లొల్లి అయిందో నేను కళ్లారా చూశాను. విమానం దిగి వచ్చిన డానియేలును అత్తమ్మ ఇంటికి కూడా రానివ్వకుండా చర్చికి తీసుకుపోయింది. గిటారు చర్చి బీరువాలోకి పోయింది. తాళంచెవి పాస్టరయ్య దగ్గర. ఆదివారం దాన్ని తీసి ఇస్తే డానియేలు అదే కుర్చీలో కూర్చుని అవే పాటలు వాయించాడు.

కానీ గిటారుతో పాటే కొన్న యాంప్ ఆ రోజు ఫోనులో కనపడలేదు, మిగతా సామానుతో ఇంటికి వచ్చింది. అదే మా అదృష్టం అనుకున్నాను. పాత చెక్కపెట్టె, లోపల గాజు బుడ్లు. వేడెక్కితే దీపాల్లా వెలుగుతాయి. మంచం కింద పెట్టి నా పాత చీర కప్పాను. మొయిన్ వచ్చి చీర తీసి దాన్ని చుట్టూ తడిమి చూశాడు.

"గిటార్ నేను ఎట్లనో సర్దుత భాయ్. గిసొంటి యాంప్ మాకు దొరకది. శుక్రవారం దీన్ని పట్టుకొని రా, చాలు," అన్నాడు. డానియేలు చాలా రోజులకు ఆ రోజు అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు.

శుక్రవారానికి ముందు బుధవారం వచ్చింది. మళ్లీ చెప్పులు, మళ్లీ సంఘం. చర్చి స్పీకర్లో గిటారు గరగరమంటోందని ఎవరో అన్నారు. అత్తమ్మ వంగి మంచం కింద చీర లాగింది.

"దాని జోడు ఇక్కడున్నది కదా. మంచం కింద ఎందుకు పెట్టిన్రు?"

ఆమె మొహంలో కపటం లేదు. సంతోషమే ఉంది. యాంప్‌ను గది మధ్యకు జరిపారు. నేను పోయి పక్కన కూర్చుని దాని మీద చెయ్యి వేశాను. ప్రార్థనకే వేశానని అందరూ అనుకుని ఉంటారు. పాస్టరయ్య కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. డానియేలూ మూసుకోలేదు. ఆమెన్ అనకు అని కళ్లతోనే చెప్పాను. తల ఊపాడు.

ప్రార్థన ముగిసింది. అందరూ ఆమెన్ అన్నారు. మా ఇద్దరి నోళ్లు మూసుకునే ఉన్నాయి.

అత్తమ్మ కళ్లు తెరిచి కొడుకును చూసింది. కోపంగా కాదు, భయంగా. వాడికి ఏదో జబ్బు చేసినట్టు చూసింది.

"అను కొడకా. మీ బాపు కుర్చీ అది," అంది.

గుమ్మం నిండా చెప్పులు. డానియేలు నా వైపు చూడటం మానేసి తల దించుకుని ఆమెన్ అన్నాడు.

నేను అనలేదు. ఇద్దరు లేచి యాంప్‌ను ఎత్తడానికి వచ్చారు. కొంచెం చెయ్యి తియ్యమని మర్యాదగా అడిగారు. తియ్యలేదు. నన్ను చెయ్యి తియ్యమని చెప్పమన్నట్టు అందరూ డానియేలు వైపు చూశారు. అతను నోరు తెరిచాడు. ఈసారి ఆ నోరు ఏం చెప్పినా చెయ్యి తియ్యకూడదని అనుకున్నాను.