మిగిలిపోయిన పచ్చ

మూత లేవగానే వాసన.

పుల్లటి వాసన. కుళ్లిన నీళ్ల వాసన. రంగు మీద పొర కట్టింది — పాచిపోయిన పాల మీద మీగడలా. స్క్రూడ్రైవర్ మొనతో ఎత్తితే జారుతూ వేలాడింది. రంగులాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రెండు డబ్బాలు. రెండింటిలోనూ పచ్చే.

ఒకటి లేత ఆకు పచ్చ. రెండోది అదే ఆకు నీళ్లలో నాని నాని చచ్చాక వచ్చే పచ్చ. పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. రెండిళ్లలో పని అయ్యాక మిగిలినవి. ఏ ఒక్కటైనా ఈ గదికి సరిపోతుంది.

ఈ గది అతనిదే.

వీధంతా అతన్ని రంగులాయన అంటుంది. ఊళ్లో సగం గోడలు అతని చేతి మీదుగా మెరిశాయి. సొంత గోడ మాత్రం ఇరవై రెండేళ్లుగా వట్టి సిమెంటు. బావమరిది వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే ఆగి, ఇల్లు ఎప్పటికి పూర్తవుతుంది బావా అని అడిగి పళ్లికిలిస్తాడు. చీపురుతో కొట్టాలనిపించే నవ్వు.

భార్య అడిగినన్నాళ్లూ అడిగింది. మొన్న మాత్రం గొంతు పెంచకుండా చెప్పింది.

"ఆదివారానికి రంగు వేస్తే వెయ్యి. లేదంటే ఇక అడగను."

అదే అతన్ని భయపెట్టింది. ఆమె అడగడం మానేసిందంటే మానేసినట్టే. ఒకప్పుడు కలిసి తిందాం రమ్మని పిలిచేది. ఒకరోజు మానేసింది. పదేళ్లయింది — ఒకే గదిలో, ఎవరి కంచం వాళ్లది.

ఇవాళ ఆదివారం.

లేత పచ్చ డాక్టరు గారింటిది. అతను నీళ్లు తాగిన గ్లాసును ఆ ఇంటావిడ రెండు వేళ్లతో పట్టుకుపోయి చెత్తబుట్టలో వేసింది. స్టీలు గ్లాసు. ఠంగుమంది. ఈ సంగతి అతను పదిమందికి చెప్పాడు. ఆవిడ వేళ్లు ఎలా పెట్టిందో చూపించి మరీ నవ్వించాడు. ఎదుటివాళ్ల రోత చెప్పుకోవడం తేలిక. అందులో మనమెప్పుడూ మంచివాళ్లమే.

ముదురు పచ్చ సంగతి ఎవరికీ చెప్పలేదు.

భార్య డబ్బాల ముందు గొంతుక్కూర్చుంది. రెండూ ఒకటే కదయ్యా అంది. అయినా గోడ మీద చెరో మచ్చ వేసింది. వెనక్కి జరిగి, తల పక్కకు వాల్చి, చాలాసేపు చూసింది. ముదురుదే కంటికి చల్లగా ఉందంది.

"అది వద్దు."

"ఎందుకని?"

పాతబడిందన్నాడు. గోడకు పట్టదన్నాడు. నెల తిరక్కుండా పెచ్చులూడుతుందన్నాడు. ముప్పై ఏళ్ల పనివాడి అబద్ధాలు — తడుముకోకుండా వచ్చాయి. ఆమె వినిపించుకోలేదు. బ్రష్ ముంచింది.

"ఆ రంగు వేసిన ఇంట్లో ఒక ముసలాయన ఉండేవాడు..."

ఆమె ఆగింది.

చెప్పాడు. మంచం పట్టిన తండ్రి. కాలూ చెయ్యీ ఆడవు, నోట మాట లేదు. ఆయన్ని పక్క గదిలోకి మోయడానికి కొడుకులకు బద్ధకం. బీరువా మీద కప్పినట్టే ఆయన మీదా ప్లాస్టిక్ షీటు కప్పెయ్యమన్నారు. కప్పాడు. మెడ దాకా. గోడ పై అంచు వేస్తుంటే ఒక చుక్క ఎగిరి ఆయన కంటి రెప్ప మీద పడింది. ఆయన తుడుచుకోలేడు.

"నేను నిచ్చెన దిగలేదు" అన్నాడు. "మళ్లీ ఎక్కాలి కదా అని."

"ఎంతసేపు?"

"సాయంత్రం దాకా. నన్నే చూస్తూ ఉన్నాడు... ఒక కంటితో."

ఆమె బ్రష్‌ను డబ్బాలోకి దించలేదు. గోడకూ ఆనించలేదు. అతని వైపు చూసింది — చీకట్లో కాలికింద మెత్తగా ఏదో తగిలినప్పుడు చూసే చూపు. అసహ్యమో... మరింకేమో.

పదేళ్లలో ఆమె అతన్ని ఇంతసేపు చూడలేదు.

గోడ మీద రెండు మచ్చలు. ఇద్దరి మధ్యా రెండు డబ్బాలు, తెరిచినవి తెరిచినట్టే. గది నిండా పులుపు.

గాలి తగిలి, రెండింటి మీదా, మెల్లగా... మళ్లీ పొర కడుతోంది.