కలివికోడికి పురిటి పీట

నేను ఒక పురిటి పీటను. ఈ కథ మొదలయ్యే వేళకు నా ఒక కొస పెంచలయ్య చేతిలో ఉంది, రెండో కొస వాళ్ళమ్మ ఓబుళమ్మ చేతిలో ఉంది. ఇద్దరూ లాగుతున్నారు. వేపచెక్కను కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే చెరిసగం పంచుకునేవాళ్ళు.

"వదులు మా! ఆపీసు బోర్డు వచ్చేదాకే గదా!"

"మీ ఆపీసుకు నా పీటే దొరికిందా? రేపు నీ చెల్లెలు కాన్పయితే, నేను బండమీద కూచ్చోని బిడ్డకు నీళ్ళు పోయాల్నా?"

"దాని కాన్పుకు ఇంకా నెలలుండాయి!"

కోడలు నాగవేణి పొయ్యి దగ్గర ఎవరి పక్కా మాట్లాడకుండా పప్పు ఎనుపుతోంది. ఆ ఇంట్లో తెలివైన మనిషి ఆమే.

నన్ను ఓబుళమ్మ అత్తగారు చేయించింది. పెరట్లో వేపచెట్టు గాలికి పడితే వడ్రంగి దూలాలు కోసుకుని, మిగిలిన ముక్కతో నన్ను చేశాడు. నా మీద కూర్చుని, కాళ్ళమీద పసిబిడ్డను వేసుకుని నీళ్ళు పోసిన ప్రతి ఆడమనిషీ "నా చేతుల మీదే పెరిగినాడు" అని చెప్పుకుంటుంది. పీట మాట ఎవరూ ఎత్తరు.

పెంచలయ్య అడవిలో వాచరు. ఊరి పక్క చిట్టడవిలో కలివికోడి అనే రాత్రిళ్ళు తిరిగే పిట్ట ఉందంటారు, చూసినవాళ్ళు అరుదు. నేలమీదే గుడ్డు పెడుతుందట. అందుకని ఆ కాలమంతా అడవిలోని కాలిబాట మూసేయాలని పైనుంచి ఆర్డరు వచ్చింది, అక్కడ పెట్టాల్సిన బోర్డు మాత్రం రాలేదు. ఓబుళమ్మ కూతురు సుబ్బరత్న ఊరికి దగ్గరి దారి అదే. శుక్రవారం వస్తే చాలు, కూతురికని ఓళిగలు క్యారియర్లో పెట్టుకుని బయల్దేరుతుంది. చుట్టుదారిన బస్సుంది గానీ, బస్సెక్కితే ఆమెకు వాంతులు.

"ఊరందర్నీ ఆపుకో. నేను కడుపుతో ఉండే బిడ్డను చూసేకి పోతాండా" అని తేల్చేసింది. కొడుకు ఉద్యోగం తలుచుకుని నన్ను మాత్రం వదిలింది. అయితే పురిటి పీటను ఒట్టిగా గడప దాటించకూడదు కదా. కడిగి, పసుపు పూసి, నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టి పంపింది. అదే కొంప ముంచింది.

పెంచలయ్య నా మీద తనే బొమ్మ వేశాడు. కాళ్ళు కొంగవి, పొట్ట బాతుది. కింద "ఇచట గుడ్లు పెట్టును, లోనికి పోరాదు" అని రాసి, బాట మొదట్లో తుమ్మచెట్టుకు కట్టి, అడ్డంగా తాడు లాగాడు.

మొదట వచ్చినవాడు కుంకుమ చూసి ఆగాడు. రెండోవాడు దండం పెట్టాడు. మూడో ఆమె టెంకాయ కొట్టింది. వారం తిరిగేసరికి నేను కోడమ్మ తల్లిని. పిల్లలు లేనివాళ్ళు నాకు ఉయ్యాల ముడుపులు కట్టారు. నలుగురు నడిచే బాట, మూసేశాక తిరునాళ్ళయింది. నిజం చెప్పొద్దూ, బతుకంతా సున్నిపిండి నీళ్ళు తాగినదాన్ని, టెంకాయ నీళ్ళు బాగానే ఉన్నాయి.

అధికారి జీపు దిగి చూశాడు. "పెంచలయ్యా, ఒక్క మనిషి ఈ తాడు దాటినా నువ్వు డ్యూటీకి రానక్కర్లేదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మరునాడే శుక్రవారం. ఓబుళమ్మ క్యారియరుతో వచ్చింది. కొడుకు చేతులడ్డం పెట్టాడు.

"మా, నువ్వు పోతే అందరూ పోతారు. నా ఉద్యోగం పోతాది."

"జరుగు నాయనా, ఓళిగలు చల్లారతాయి."

తాడు దాటింది. "ఓబుళమ్మే పోతాంటే మనకేంది!" అని ముడుపులవాళ్ళంతా వెనకే దాటారు. అందులో ఒకడు కట్టెతో పొద తప్పిస్తూ, "గుడ్డు దొరికితే కండ్లకద్దుకుంటాం, సంతానం కలుగుతాది" అన్నాడు.

ఓబుళమ్మ గిరుక్కున తిరిగింది.

"ఏయ్, ఆ కట్టె పారెయ్! పురిటింట్లోకి చెప్పుల కాళ్ళతో దూరేదెవుర్రా? మీ అమ్మ నిన్ను కన్నప్పుడు ఊరంతా ఇట్లనే తొంగి చూసిందా?"

వాడు కట్టె వదిలేశాడు. తల వంచినవాడు ఆమె పాదాలు చూశాడు.

"నువ్వూ చెప్పులతోనే ఉండావు గదమ్మా."

అందరూ చూశారు. ఆమె కూడా చూసుకుంది.

ఓబుళమ్మ చెప్పులు విడిచి చేత పట్టుకుని, వచ్చినదారినే వెనక్కి నడిచింది. మంది వెనకే వచ్చారు. ఎట్లా పోయారో అట్లానే వచ్చారు. మనుషులకు ముందు ఒకరు నడిస్తే చాలు. తాడు దాటాక నన్ను విప్పి చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చాక పసుపు, కుంకుమ పోయేదాకా పీచుతో రుద్దింది. బొమ్మ జోలికి మాత్రం పోలేదు. పొద్దు వాలాక అందరూ అన్నాలకు కూర్చున్నారు. కూతురికి చేరని ఓళిగలు కొడుకు కంచంలో పడ్డాయి. అతను తలెత్తలేదు. ఆమె నెయ్యి వడ్డిస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"పొద్దున్నే ఈ పీట మళ్ళా ఆడనే కట్టు. ఎవుర్నీ బొట్టు పెట్టనీయొద్దు. పురుడొచ్చిన ఇంటికి దండం పెట్టం, దూరంగా ఉంటాం. అట్లని చెప్పు. కాలం దాటేదాకా మనింట్లో ఎవురూ ఆ దారిన పోరు. తర్వాత పగటిపూట, బాట దిగకుండా పోదాం."

"బస్సంటే నీకు వాంతులు గదత్తా?" అంది నాగవేణి.

"నిమ్మకాయ పట్టుకుంటా."

పెంచలయ్య మెల్లగా గోడకానించిన నా వైపు చూశాడు. "మరి చెల్లెలి కాన్పుకు పీట?"

"దానికి కొత్తది చేయించు. ఇది కోడికి ఇచ్చేసినా."